తవ్విన తర్వాత మొదలయ్యే పంట

వరి పండించే ఇంట్లో కోత వచ్చిందంటే పని చివరికొచ్చినట్టు. మిషన్ వచ్చి ఒక్క పూటలో కోసి పోతుంది, వడ్లు ఆరబోసి కొనుగోలు కేంద్రానికి తోలితే ఆ పంటకాలం గడిచినట్టే. పసుపు పండించే ఇంట్లో అట్లా కుదరదు. మాది నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ దిక్కు పల్లె. ఇక్కడ పంట భూమిలోంచి బయటపడ్డ రోజే అసలు పని మొదలవుతుంది. తవ్వాలి, విరవాలి, ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, పాలిష్ పట్టాలి, గంజ్‌కు, అంటే మార్కెట్ యార్డుకు తోలాలి. సంక్రాంతికి చేసిన సకినాలు డబ్బాలో ఉండగానే మొదలుపెడితే ఉగాది దాకా, ఒక్కో ఏడు ఉగాది దాటినంక కూడా ఇంటిల్లిపాదీ బాయికాడే, అంటే చేన్లోనే. భూమి మాకిచ్చేది పచ్చికొమ్ము. దాన్ని పసుపు చేసేది ఇంట్లో మనుషులు. ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి నేను చూస్తున్నది, చేస్తున్నది ఇదే. అందులో ఎవరి చెయ్యి ఎక్కడ పడుతుందో రాయాలని ఎన్నాళ్ళ నుంచో ఉంది.

ఇంట్లో మామ, అత్తమ్మ, నేను, మరిది, యారాలు (తోడికోడలు), పిల్లలు నలుగురు. మా ఆయన మస్కట్‌లో ఉంటాడు. మా దిక్కు ఏ వాడకట్టుకు పోయినా గల్ఫ్‌లో ఉన్న మగవాళ్ళ ఇళ్ళు కనబడతాయి. వాళ్ళు పంపే పైసలు, ఇక్కడి పసుపు రెండూ కలిస్తేనే సంసారం గడుస్తుంది. జనవరి వచ్చిందంటే ఆయన ఫోన్‌లో పిల్లల సంగతి కన్నా ముందు "ఆకు పండిందా?" అని అడుగుతాడు.

జూన్‌లో మృగశిర కార్తెకు పెట్టిన దుంప అది. నడుమ వేసిన మక్క (మొక్కజొన్న) ఎప్పుడో ఇంటికొచ్చి, అమ్ముడుపోయి, ఆ పైసలు ఖర్చు కూడా అయిపోయి ఉంటాయి. పుష్యమాసం వచ్చేసరికి పసుపు ఆకు పచ్చదనం పోయి, కొసల నుంచి ఎండుతూ బోదెల (దుంప పెట్టిన మట్టి కట్టల) మీదికి వాలుతుంది. మామ ఒకచోట గడ్డపారతో లేపి, ఒక కొమ్ము విరిచి చూస్తాడు. తోలు గట్టిపడి లోపల రంగు ముదిరితే ఆకు కోతకు కొడవళ్ళు తీస్తాం. నేలకు ఆనించి కోసి, కొన్ని రోజులు చేనును అట్లే వదిలేసి, పలుచగా ఒక తడి పెడతాం. నేల మెత్తబడ్డాక ట్రాక్టర్ వచ్చి బోదెలు లేపుతుంది. అత్తమ్మ కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఇదంతా గడ్డపారల పనేనట. ఎకరం తవ్వేసరికి మగవాళ్ళ అరచేతుల్లో బొబ్బలు చితికి పోయేవని చెబుతుంది.

కైకిలివాళ్ళు, అంటే కూలీలు దొరకడమే ఇప్పుడు పెద్ద కష్టం. మా ప్రాంతంలో విత్తనం కోసం ఎర్రజొన్న బాగా వేస్తారు. అదీ సరిగ్గా ఈ రోజుల్లోనే కోతకొస్తుంది. ఒక్క ఊళ్ళో రెండు పంటలు ఒక్కసారే మనుషులను అడిగితే ఎక్కడి నుంచి వస్తారు? అందుకే మా యారాలు, నేను ముందే పక్క చేన్లకు బదలు పోతాం. మేము వాళ్ళ చేన్లో ఎన్ని రోజులు చేస్తే వాళ్ళు మా చేన్లో అన్ని రోజులు చేయాలి. ఈ లెక్క కాగితం మీద ఎక్కడా ఉండదు. తప్పడం కూడా ఉండదు.

పసుపు విరవడం కూర్చుని చేసే పని కదా అని చూసేవాళ్ళకు తేలిగ్గా అనిపిస్తుంది. ట్రాక్టర్ లేపిన గడ్డను చేతిలోకి తీసుకుంటే నడుమ లావుపాటి తల్లి దుంప ఉంటుంది. దాన్ని మేము గోళ అంటాం. దాని చుట్టూ వేళ్ళు పెట్టినట్టు కొమ్ములు, ఆ సందుల్లో అంటుకున్న నల్లమట్టి, సన్నని వేర్లు. నేలకు ఒక్క దెబ్బ కొట్టి మట్టి రాల్చాలి, కొమ్మును బొటనవేలితో మొదలు దగ్గర ఒత్తి విరవాలి. నడుమకు విరిగితే గంజ్‌లో ముక్క కింద లెక్క కడతారు, ధర తగ్గుతుంది. ఒక్కో కొమ్ము విరిగినప్పుడల్లా "టప్" మని చప్పుడొస్తుంది, పచ్చి వాసన ముక్కుకు తగులుతుంది. రెండో రోజుకే గోళ్ళ సందులు పచ్చబడతాయి, నెల దాకా వదలవు. పసుపు కాలంలో మా ఊరి ఆడవాళ్ళు పెండ్లికి పోతే చేతులు చూసే ఏ ఊరివాళ్ళో చెప్పేస్తారు.

కొమ్ములు ఒక కుప్ప, గోళలు ఒక కుప్ప పోస్తాం, ఎందుకంటే రెండూ వేరుగా ఉడకాలి. గోళ లావు కాబట్టి దానికి ఎక్కువసేపు పడుతుంది. మూడో కుప్ప విత్తనానిది. అది అత్తమ్మది, ఇంకెవరూ ముట్టరు. ఎకరానికి ఎనిమిది నుంచి పది క్వింటాళ్ళ విత్తనం కావాలి. అంటే పండినదాంట్లో మంచిదంతా మళ్ళీ మట్టికే పోవాలి. దుంపకుళ్ళు ఉన్న బోదె ఏదో వానకాలంలోనే చూసి పెట్టుకుంటుంది అత్తమ్మ. ఆ బోదెలో గడ్డ ఎంత నిగనిగలాడినా విత్తనంలో పడనియ్యదు. "పైకి మంచిగనే ఉంటది బిడ్డా, రోగం లోపట దాస్కుంటది" అంటుంది. ఏరిన విత్తనాన్ని వేపచెట్టు నీడన కుప్ప పోసి, పసుపు ఆకు మందంగా కప్పి, పైన పేడా మట్టీ కలిపి మెత్తుతాం. మళ్ళీ జూన్ దాకా అది అక్కడే ఉంటుంది. మా మరిది కమ్మర్‌పల్లి పసుపు పరిశోధన కేంద్రానికి పోయి వచ్చినప్పటి నుంచి కొత్త రకాలు వేద్దామంటాడు. తొందరగా చేతికొచ్చేవి, పసుపుకు రంగునిచ్చే కుర్కుమిన్ ఎక్కువుండేవి కావాలంటాడు. అత్తమ్మ వద్దనలేదు. పాత ఆర్మూర్ రకం పక్కన నాలుగు బోదెలు ఇచ్చి, "పండించి సూపెట్టు" అంది. ఇప్పుడు ఆ రకం మా చేన్లో ఒక మడి అయింది.

ఉడకబెట్టడం గురించి ఎంత రాసినా తక్కువే. పూర్వం పెద్ద ఇనుప కడాయిలో నీళ్ళు పోసి, గోనెసంచులు కప్పి, కింద ఎండిన పసుపు ఆకు, పత్తికట్టె మంట పెట్టేవాళ్ళు. ఇప్పుడు ట్రాలీ మీద బాయిలర్ వస్తుంది. నడుమ నీళ్ళ ట్యాంకు, చుట్టూ డ్రమ్ములు, గొట్టాల్లోంచి ఆవిరి డ్రమ్ముల్లోకి పోతుంది. కట్టెలు తక్కువ పడతాయి, పసుపు నీళ్ళలో నానదు. ఊరికంతా ఒకటో రెండో బాయిలర్లు కాబట్టి వంతు ఎప్పుడొస్తే అప్పుడే. తవ్విన పసుపును ఎక్కువ రోజులు కుప్పలో ఉంచకూడదు కనుక నడిరాత్రి వంతొచ్చినా కాదనలేం. మాఘమాసపు చలి, చేన్లో ఒక్క బల్బు, బాయిలర్ పొయ్యి ఎరుపు. ఆడవాళ్ళం గంపలతో డ్రమ్ములు నింపుతుంటాం, పిల్లలు టార్పాలిన్ పరదా మీద దుప్పటి కప్పుకొని పడుకుంటారు.

డ్రమ్ము ఎప్పుడు దించాలన్నది ఒకటే తీర్పు. ఏడాది పంట రంగు దాని మీద ఉంటుంది. తక్కువ ఉడికితే ఎండడం ఆలస్యమవుతుంది, లోపల రంగు సమంగా పట్టదు. ఎక్కువ ఉడికితే మెత్తబడి రంగు చెడిపోతుంది. బాయిలర్ పిల్లగాడు గడియారం చూసి, "అయింది పెద్దమ్మా, దించుత" అంటాడు. అత్తమ్మ చీర కొంగు ముక్కుకు అడ్డం తీసి ఆవిరిని ఒక్కసారి పీలుస్తుంది. "ఆగు కొడుకా, పచ్చి వాసన పోలే." మూత సందులోంచి ఒక గోళ తీసి చీపురుపుల్ల గుచ్చుతుంది. పుల్ల దిగుతుంది గానీ నడుమ దగ్గర కొద్దిగా ఆగుతుంది. దాన్ని కత్తితో అడ్డంగా కోసి బల్బు కింద పెడుతుంది. అంచులు ముదురు నారింజ, నడుమ చిన్న రూపాయి బిళ్ళంత పాలిపోయిన గుండ్రం. నాకు చూపిస్తుంది, ఏమీ అనదు. ఇంకాసేపు ఆవిరి పోనిచ్చి మరో గోళ తీస్తే ఆ గుండ్రం ఉండదు, కొస నుంచి కొస దాకా ఒకే రంగు. అప్పుడు "దించు" అంటుంది. ఏ పుస్తకంలోనూ నాకు దొరకని చదువు ఇది. నిరుడు అత్తమ్మకు జ్వరం వచ్చి ఇంట్లో ఉన్న రాత్రి డ్రమ్ముల దగ్గర నేను నిలబడ్డాను. పుల్ల గుచ్చకముందే వాసన మారడం నాకు తెలిసింది. పొద్దున కల్లం దగ్గరికొచ్చి నాలుగు కొమ్ములు విరిచి చూసి, "నేను లేకున్నా నడుస్తది ఇంక" అంది అత్తమ్మ. ఆ మాట విన్నప్పటి సంతోషం నాకు ఇంకా అట్లనే ఉంది.

ఉడికిన పసుపు కల్లంలో పోస్తే కనీసం పది పదిహేను రోజులు గట్టి ఎండ కావాలి. పలుచగా పరచాలి, పూటకోసారి తిరగెయ్యాలి, పొద్దూకితే మంచు తగలకుండా కుప్ప చేసి కప్పాలి. ఈ పనికి ఇంట్లో చిన్నా పెద్దా తేడా లేదు. మార్చి నడుమ నుంచి ఒంటిపూట బడులు మొదలవుతాయి కాబట్టి మధ్యాహ్నానికి పిల్లలు కల్లంలోనే ఉంటారు. వాళ్ళు కాళ్ళతో దున్నుతూ తిరగేస్తుంటే, మడమలు పచ్చగా, బట్టలు పచ్చగా, మా కుక్క కూడా పచ్చగా ఉంటుంది. ఎండాకాలం అప్పుడప్పుడే ముదురుతుంటుంది. చేను గట్టున మోదుగు ఆకులన్నీ రాల్చి ఎర్రగా పూస్తుంది. కాముని పున్నమికి ముందు రోజు మామ ఆ పూలు తెంపుకొచ్చి గాబులో నానబెడతాడు. పిల్లలకు దుకాణం రంగు కొనివ్వడు. తెల్లారేసరికి నీళ్ళు కాషాయం రంగుకు తిరుగుతాయి. హోళీ నాడు కూడా కల్లం ఖాళీగా ఉండదు. పొద్దున రంగులు, పది గంటలకు మళ్ళీ పసుపు తిరగెయ్యడం.

ఈ రోజుల్లో మేము భయపడేది ఒక్కదానికే, చెడగొట్టు వాన. మొన్నటి మార్చిలో ఒక సాయంత్రం గోదావరి దిక్కు నుంచి మబ్బు లేచింది. మా పెద్దమ్మాయికి మర్నాడు పదో తరగతి పరీక్ష. గుడిసె ముందు కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. గాలి తిరగడం మొదట గమనించింది అదే. పుస్తకం మూసి "నానమ్మా, వాన!" అని కేక వేసింది. అప్పటికి ఒక కల్లం పసుపు సగం ఎండింది, ఇంకో కల్లంలో నిన్న ఉడికించింది తడిగానే ఉంది. మామ సగం ఎండినదాని దిక్కు పరుగెత్తాడు. తడిది తడిస్తే మళ్ళీ ఎండబెట్టుకోవచ్చు, ఎండుతున్నది తడిస్తే నల్లబడుతుందని ఆయన లెక్క. మేమందరం పారలతో, చేటలతో, చేతులతో దొబ్బి కుప్ప చేశాం. యారాలు, నేను పరదా చెరో కొస పట్టుకుంటే గాలికి మమ్మల్నే లాక్కుపోయేట్టుంది. పిల్లలు ఇసుక సంచులు మోసుకొచ్చి అంచుల మీద పెట్టారు. వడగండ్లు మొదలయ్యేసరికి మామ పరదా మీద బోర్లా పడుకున్నాడు. వాన ఎంతోసేపు పడలేదు. ఆగిన వెంటనే, చీకట్లోనే పరదా ఎత్తేశాం. వాన పోయింది కదా అని అట్లే వదిలేస్తే లోపలి వేడికి పసుపు చెమర్చి బూజు పడుతుంది. అమ్మాయి మళ్ళీ లెక్కల పుస్తకం తీసుకుంది. దాని వేళ్ళ గుర్తులు పేజీల మీద పచ్చగా పడ్డాయి. పరీక్ష మంచిగా రాసింది.

ఎండిందో లేదో చెవితో తెలుసుకుంటాం. రెండు కొమ్ములు అరచేతిలో వేసి ఆడిస్తే గాజుల్లా గలగలమనాలి, విరిస్తే ఒక్క దెబ్బకు టక్కున తెగాలి. వంగిందంటే ఇంకా తేమ ఉన్నట్టే. అయిదు క్వింటాళ్ళ పచ్చిది పోస్తే ఎండాక చేతికొచ్చేది ఒక క్వింటాలుకు అటూ ఇటూ. కల్లం రోజురోజుకూ కుంచించుకుపోతుంటే చూసేవాళ్ళకు గుండె గుభేలుమంటుంది, మాకు అలవాటు. తర్వాత పాలిష్ డ్రమ్ము. ఒకప్పుడు చేత్తో తిప్పేవాళ్ళు, ఇప్పుడు మోటరు తిప్పుతుంది. పై తోలు, వేర్లు రాలిపోయి కొమ్ము బంగారు రంగుకు వస్తుంది. ఒక పూట పని. ముక్కుకు గుడ్డ కట్టుకోకుంటే మూడు రోజులు దగ్గే.

గంజ్ సంగతి వేరే లోకం. ఫిబ్రవరి, మార్చిలో నిజామాబాద్ మార్కెట్ యార్డులో ఎటు చూసినా పసుపు రాశులే. 2016లో దేశంలో ఈ-నామ్, అంటే కంప్యూటర్‌లో వేలం నడిచే జాతీయ మార్కెట్ పద్ధతి మొదలైనప్పుడు మొదటి మార్కెట్లలో మాదీ ఒకటి. ఇప్పుడు ధర కంప్యూటర్‌లో పడుతుంది. కానీ రాశి దగ్గరికొచ్చి కొమ్ము విరిచి చూసేది మనుషులే. అందరి సరుకూ ఒక్కసారి పడితే ధర దిగుతుంది. రైతు ఆగలేడు, ఎందుకంటే ఎరువుల అప్పు, కైకిలి బాకీ ఆగవు. క్వింటాలు అయిదారు వేలకు అమ్ముకుని కన్నీళ్ళు పెట్టుకున్న ఏళ్ళు మా ఇంట్లో ఉన్నాయి. అప్పట్లో మామ, ఇంకొందరు రైతులు కలిసి లారీ మాట్లాడుకుని మహారాష్ట్రలోని సాంగ్లీకి తోలేవాళ్ళు. ఆ కోపమే 2019 ఎన్నికల్లో బయటపడింది. నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో 185 మంది బరిలో నిలిస్తే అందులో 170కి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులే. పసుపు బోర్డు కావాలన్నది వాళ్ళ మొదటి మాట. 2023 అక్టోబరులో ప్రధాని మహబూబ్‌నగర్ సభలో బోర్డు ప్రకటించారు, 2025 సంక్రాంతి నాడు నిజామాబాద్ కేంద్రంగా అది మొదలైంది. 2024 మార్చిలో ధర క్వింటాలుకు 18 వేలు దాటినప్పుడు మా ఊళ్ళో అప్పులు తీరిన ఇళ్ళు నేను చూశాను. అంత ధర ప్రతి ఏడూ రాదు. బోర్డు వచ్చింది మంచిదే, కానీ తవ్విన రెండు నెలల్లోనే అమ్మక తప్పని రైతుకు సరుకు దాచుకునే చోటు, దాని మీద తక్కువ మిత్తికి అప్పు దొరికితే తప్ప ధర మా చేతికి రాదని నా నమ్మకం.

ఈ ఏడు మామతో పాటు నేనూ గంజ్‌కు పోయాను. ఒక వ్యాపారి మా రాశిలో చెయ్యి పెట్టి, విరవకుండానే, తేమ ఉందన్నాడు. మామ మొహం చిన్నబోయింది. నేను రాశి అడుగు నుంచి దోసెడు కొమ్ములు తీసి ఆయన ముందు ఒక్కొక్కటే విరిచాను. చప్పుడు పక్క రాశులవాళ్ళకూ వినబడింది. తేమ చూసే మిషన్ తెప్పించమన్నాను. తెచ్చారు, పది శాతం లోపే చూపింది. సాయంత్రం పడిన ధర మేమనుకున్నంత కాకున్నా పొద్దున ఆయన నోటితో అన్నదానికంటే బాగా మెరుగు. దడ్వాయి (గంజ్‌లో తూకం వేసే మనిషి) తూకం వేశాక తక్‌పట్టీ, అంటే లెక్కల చీటీ మామ పేరు మీదే వచ్చింది, భూమి ఆయన పేరునే ఉంది కాబట్టి. ఇంటికొచ్చి ఆయన ఆ కాగితం అత్తమ్మ చేతిలో పెట్టాడు. ఆమెకు చదువు రాదు. పెద్దమ్మాయిని పిలిచి అన్ని అంకెలూ చదివించుకుంది. హమాలీ ఎంత, తూకానికి ఎంత, కమీషన్ ఎంత, ఒక్కటీ వదల్లేదు.

సగం దాచి వానకాలంలో అమ్ముదామని మరిది అన్నాడు. "మిత్తి పెరుగుతుంటే కొమ్ము ఇంట్ల పెట్టుకుని ఏం జేస్తం కొడుకా" అంది అత్తమ్మ. బాయిలర్‌కు, ట్రాక్టర్‌కు, కైకిలి వాళ్ళకు, ఎరువుల దుకాణానికి పోను మిగిలింది అమ్మాయి ఇంటర్ చదువుకు, బోరు మోటరు బాగుచేయించడానికి పక్కన పెట్టాం. కానీ యారాలు, నేను గట్టిగా అడిగి రెండు సంచుల కొమ్ము అమ్మకుండా ఆపించాం. ఊళ్ళో మర పట్టించి కిలో ప్యాకెట్లు కట్టి మహిళా సంఘం ద్వారా అమ్మి చూస్తాం. మస్కట్‌లో మా ఆయనతో గదిలో ఉండేవాళ్ళు కూడా మొదటి ప్యాకెట్లు మాకే అంటున్నారు.

పసుపు తీసిన మడిలో వేసిన నువ్వులు అప్పుడే బెత్తెడు లేచాయి. రేపు వాటికి తడి పెట్టాలి, కరెంటు తెల్లవారుజామున వస్తుందని మరిది చెప్పాడు. మర పట్టే ఆయన ఎల్లుండి రమ్మన్నాడు. అంతలోపల కొమ్ములు ఇంకోసారి ఎండకు పోసి తీయాలి.